అంగిట్లో లేని పొగ

నా చిగుళ్ళు పాడైతే మా ఆవిడ చుట్ట మానేసింది.

వినగానే నవ్వొస్తుంది. మొదట్లో నాకూ నవ్వే వచ్చింది. మా ఆవిడ సత్యవతి సముద్రం మీద వేటకెళ్ళే ఇంటి ఆడపిల్ల. వాళ్ళ వాడలో ఆడవాళ్ళు చుట్ట అడ్డపొగ తాగుతారు. అంటే నిప్పున్న కొసని నోట్లోకి పెట్టుకుని, పెదాలు బిగించి, లోపల్లోపలే పీలుస్తారు. సముద్రం గాలికి ఆరిపోదు, నెత్తి మీద చేపల బుట్ట ఉన్నా చేతులతో పని లేదు, చంకలో పిల్ల మీద నుసి రాలదు. పెళ్ళైన కొత్తలో ఆమె నోట్లోంచి నిప్పు బయటికి తీసి, బూడిద దులిపి, మళ్ళీ నోట్లో పెట్టుకోవడం చూసి నాకు మాట పడిపోయింది. నాకు మాట పడిపోవడం అంటే చిన్న సంగతి కాదు.

ఎందుకంటే నేను బతికేదే మాటల మీద. జీతం మాత్రం పోర్టులో క్రేను నడిపినందుకు ఇచ్చేవారు. మల్కాపురంలో మా వీధి చివర సూరిబాబు టీకొట్టు ఉండేది. డ్యూటీ దిగి ఆ బల్ల మీద కూర్చున్నానంటే జనం మూగేవారు. డాల్ఫిన్ నోస్ కొండ ఒకప్పుడు భీమిలి దగ్గర ఉండేదనీ, ఒక ఓడవాడు లంగరు ఎత్తడం మరిచిపోయి బయల్దేరితే కొండ దానికి తగులుకుని ఇక్కడిదాకా వచ్చేసిందనీ, వాణ్ణి నాలుగు తిట్టి లంగరు విప్పించింది నేనేననీ చెప్పేవాణ్ణి. ఇనుపరాయి దుమ్ము పీల్చి పీల్చి నా ఛాతీకి తాళంచెవులు అంటుకుంటున్నాయని, చొక్కా లోపల అయస్కాంతం కట్టుకుని మరీ అంటించి చూపించేవాణ్ణి. కోతలని అందరికీ తెలుసు. తెలిసే వచ్చేవారు. ఎవరికీ నష్టం లేదు కదా అనుకునేవాణ్ణి.

ఇప్పుడు రాసే దాంట్లో కోతలు లేవు. ప్రమాదం చాలావరకు దాటింది కాబట్టి, చెయ్యి కాస్త కుదురుగా ఉంది కాబట్టి రాస్తున్నాను. అద్దంలో నోరు తెరుచుకుని భయపడుతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ కోసం కొంత, నా కోసం కొంత.

తొంభై ఎనిమిది, ఎండాకాలం

పొద్దున్న పళ్ళు తోముకుంటే ఉమ్ము ఎర్రగా పడింది. అద్దంలో చూసుకుంటే పళ్ళ మొదట్లో, చిగురు అంచునే, ఎర్రదారంతో కుట్టు వేసినట్టు సన్నటి గీత. నొప్పి లేదు. "వేడి సేసినాది మావా" అంది సత్యవతి. మా వైపు ఎండాకాలంలో ఏం వచ్చినా వేడే. సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు, చల్లటి మజ్జిగ మొదలయ్యాయి. ఎండుచేప ఇంట్లోకి రావడం మానేసింది. అన్నీ తాగాను. గీత పోలేదు సరికదా, వానలు పడేసరికి పళ్ళ సందుల్లో చిగురు నల్లబడి, అన్నం ముద్ద తగిలితే ప్రాణం లేచొచ్చేది.

నొప్పి కంటే ముందు నన్ను ఊరికి పట్టించింది వాసన. ఒకరోజు లంగరు కథ మంచి పట్టులో ఉండగా ముందు కూర్చున్నవాడు తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. జలుబేమో అనుకున్నాను. మర్నాడు ఇంకొకడు. తర్వాత బల్ల మీద నాకూ పక్కవాడికీ మధ్య చోటు పెరుగుతూ వచ్చింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. సూరిబాబు మాత్రం టీ గ్లాసుతో పాటు ఒక లవంగం చేతిలో పెట్టి, ఎవరికీ వినపడకుండా, "ఇది నవులు బావా, గొంతుకి మంచిది" అన్నాడు. గొంతుకి అన్నాడు, నోటికి అనలేదు. ఆ మర్యాద నేను మరిచిపోలేదు.

సత్యవతే నన్ను బస్సెక్కించి సీతమ్మధారలో పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. చల్లటి గది, గోడవారగా గాజుపెట్టెలో రంగు చేపలు. "తినడానికి పనికిరానియ్యి ఎందుకు పెంచుతన్నారో" అని సత్యవతి నా చెవిలో అంది. కుర్చీ అంచున కూర్చుంది. పక్కనున్నావిడ చుట్ట వాసన తగిలి కాస్త జరిగింది. అటు నా వాసన, ఇటు ఆమె వాసన. మా ఇద్దరి పక్కనా ఎవరూ కూర్చోలేదు.

డాక్టరమ్మ చిన్నావిడ, కృష్ణా జిల్లా మాట. నోరు చూసి, "పొగ తాగుతారాండీ?" అని అడిగింది.

"నాను తాగనండి. మా ఇంట్లో కొలిమి ఉందండి" అని సత్యవతిని చూపించాను. "నిప్పు ఆవిడ నోట్లో, పొగ నా నోట్లో. ఇన్నేళ్ళ కాపరం, చిగుళ్ళు ఉడికిపోవేటండీ మరి?"

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేక ముఖానికి కట్టుకున్న గుడ్డ సర్దుకుంది. మందులిచ్చింది, పళ్ళు శుభ్రం చేసింది, మళ్ళీ రమ్మంది. నవ్వించగలిగానని నాకు లోపల సంతోషం. నోట్లో రక్తం కారుతున్నా ఆ సంతోషం తగ్గలేదు, అదీ నా బుద్ధి.

సత్యవతి నవ్వలేదు. బస్సులో కాన్వెంట్ జంక్షన్ దాటాక అడిగింది.

"మావా, నిజంగా నా పొగేనేటి?"

"మరింకేటి?" అన్నాను. అనేసి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఆ వారమే ఆమె సింహాచలం కొండెక్కింది. నన్ను రానివ్వలేదు. తిరిగొచ్చి నొసట బొట్టుతో గుమ్మంలో నిలబడి చెప్పింది: "అప్పన్నకి మాటిచ్చినాను. ఇంక సుట్ట ముట్టను. నీ సిగుళ్ళు ఆయన సూసుకుంటాడు."

చిన్నప్పట్నుంచి ఉన్న అలవాటు. పొద్దున్నే చుట్ట పడకపోతే కడుపు కదలదని వాళ్ళ వాడంతా నమ్మకం. మానేసిన మొదటి రోజుల్లో ఆమె వేయించిన చింతగింజలు బుగ్గన పెట్టుకుని నములుతూ, గిన్నెల మీద కోపం చూపిస్తూ, చేప తోముతూ తోముతూ వేలు కోసుకునేది. నేను దాన్ని కూడా టీకొట్టు దగ్గర కథ చేశాను. "మా ఆవిడ సుట్ట మానేసినాక రిఫైనరీలో పొగ సగం తగ్గిపోనాది" అన్నాను. బాగా పేలింది. ఇంటికొచ్చేసరికి ఆమె అడిగేది, "ఈయేల కొంచెం నయంగా ఉందా?" అని. "ఉంది" అనేవాణ్ణి.

అదే ఏడు, చలికాలం

రెండోసారి డాక్టరమ్మ దగ్గరికి ఒక్కణ్ణే వెళ్ళాను. ముందు పన్ను ఒకటి నాలుకతో తోస్తే ఊగుతోంది. ఆమె చాలాసేపు చూసింది. చిన్న అద్దం పెట్టి పైన అంగుడు చూసింది, నాలుక కింద చూసింది, మెడ కింద గడ్డలేమైనా ఉన్నాయా అని వేళ్ళతో తడిమింది. ఈసారి నేనేం చెప్పినా నవ్వలేదు. లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"మీ పళ్ళ మీద పాచి పెద్దగా లేదండీ. ఇంత తక్కువ పాచికి చిగురు ఇంత దారుణంగా చచ్చిపోకూడదు. శుభ్రం చేశాక ఆ ఎర్ర గీత తగ్గాలి. తగ్గలేదు."

"పొగ వల్ల అని..."

"పొగ ముందు అంగిటిని పట్టుకుంటుందండీ. అడ్డపొగ తాగేవాళ్ళ అంగుడు తెల్లగా అట్టకట్టి, మధ్యలో ఎర్ర చుక్కలు లేస్తాయి. మీ అంగుడు చంటిపిల్లల అంగుడులా ఉంది. మీ ఆవిడ చుట్టకీ మీ చిగుళ్ళకీ సంబంధం లేదు." చీటీ ముందుకి లాక్కుంది. "రక్తపరీక్ష ఒకటి చేయించుకోండి. ఏ పరీక్షో చెప్తాను, కంగారు పడకుండా వినండి."

విన్నాను. ఆమె ఆ జబ్బు పేరు మామూలుగానే చెప్పింది. నాకు మాత్రం ఆ గదిలో చేపల పెట్టె మోటారు చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. ఎందుకంటే పరీక్ష అక్కర్లేకుండానే నాకు తెలిసిపోయింది. వేరే ఊరి పోర్టుకి డ్యూటీ మీద పంపిన రోజులున్నాయి. అక్కడ ఏం జరిగిందో కథలా చెప్పగలను, వింటారు కూడా. చెప్పను. నా జీవితంలో కథ చెయ్యని సంగతి అదొక్కటే.

పెద్దాసుపత్రిలో ఫలితం ఇచ్చినాయన నాతో గట్టిగా మాట్లాడలేదు, మెల్లగానూ మాట్లాడలేదు. కౌన్సెలింగు ఆయన అనేవారు. "మీ ఆవిణ్ణి తీసుకురండి, ఆవిడకీ పరీక్ష చెయ్యాలి" అన్నాడు. పుట్టింటికెళ్ళిందన్నాను. తర్వాత అడిగితే కాలు విరిగిందన్నాను. మూడోసారి అడిగితే, ఎందుకన్నానో నాకిప్పటికీ తెలియదు, "పోయిందండి" అన్నాను. ఆయన తన టీ నా ముందుకి జరిపి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ టీ తాగాను. ఆ టైముకి సత్యవతి ఇంట్లో నా కోసం అన్నం మెత్తగా చిదిపి, పులుసు కలిపి, మూత పెట్టి కూర్చునుంది.

డాక్టరమ్మ నన్ను వదల్లేదు. ఎముక దాకా పోయిన పళ్ళు తీయించుకోమని వేరే చోటికి పంపితే వాళ్ళు కాగితం చదివి కుర్చీ ఖాళీ లేదన్నారు. ఖాళీ కుర్చీ నాకు కనపడుతూనే ఉంది. తిరిగొచ్చి చెప్తే ఆమె ముఖం ఎర్రబడింది. "మీరు సాయంత్రం అందరి తర్వాత రండి. పనిముట్లన్నీ ఎటూ మరిగించాలి కదా, మీ తర్వాత తీరిగ్గా మరిగిస్తాను" అంది. బయట కూర్చున్నవాళ్ళతో నేను, "ముక్యమైన పేసెంటుని ఆకర్ని సూత్తారండి" అని చెప్పేవాణ్ణి. లోపలికెళ్ళాక ఆమె చేతులు నా నోట్లో ఉన్నంతసేపూ మాట్లాడలేకపోవడం నాకు ఎంత హాయిగా ఉండేదో.

మందులకి, పుక్కిలింతలకి నోరు కుదుటపడింది. కొన్ని పళ్ళు పోయాయి, నొప్పి పోయింది, వాసన పోయింది. సత్యవతి పొంగిపోయింది. "సూసినావా మావా? నాను సుట్ట మానేసినాక ఎలగ తగ్గినాదో!" అని వాడంతా చెప్పుకుంది. వాళ్ళన్న అప్పన్న బావ, ఆ దేవుడి పేరే పెట్టుకున్నవాడు, సొంత పడవ ఉన్న మనిషి, సందు చివర్నుంచి కేకేసి మరీ, "మా సెల్లి పుణ్యాన నోరు నిలబడ్డాది నీకు" అన్నాడు. నేను తలూపాను. ఆమె చేతిలో చింతగింజలు. ఆమెకి అసలు విషయం చెప్పడానికి నా నోట్లో ఇప్పుడు అడ్డమేమీ లేదు. చిగుళ్ళు మానాయి, నాలుక ఆడుతోంది, అయినా చెప్పలేదు. చెప్తే చుట్ట సంగతి ఒక్కటే కాదు, వేరే ఊరి పోర్టు సంగతి కూడా చెప్పాలి.

తొంభై తొమ్మిది, మళ్ళీ ఎండలు

ఒక పొద్దున్న ఆమె పెరట్లో కూర్చుని కానాగంత చేపలు తోముతోంది. నన్ను పిలిచింది. చేపల చేతులు దూరంగా పట్టుకుని, మోచేత్తో పై పెదవి ఎత్తి చూపించింది.

"ఒకపాలి సూడు మావా. నాను మానేసినాను గదా. మరి నాకెందుకొచ్చినాది గీత?"

ఎర్రదారం కుట్టు. నా నోట్లో ఎలా మొదలైందో అచ్చం అలాగే.

"ఒంట్లో ఉండిపోనాదేమో పాత పొగ. దేవుడికి మాటిచ్చి మనసులో సుట్ట తల్సుకుంటన్నాననేమో" అంది. తప్పు ఇంకా తన దగ్గరే వెతుక్కుంటోంది.

నేను నీళ్ళ తొట్టి గట్టు మీద కూలబడ్డాను. చెప్పేశాను. జబ్బు పేరు చెప్పాను, ఎక్కడ అంటిందో చెప్పాను, డాక్టరమ్మ అంగుడు చూసి అన్నది చెప్పాను. అంత చిన్న మాటల్లో నేనెప్పుడూ ఏదీ చెప్పలేదు.

ఆమె మొదట అడిగింది జబ్బు గురించి కాదు.

"అయితే నా సుట్ట కాదా?"

"కాదు."

"నీకెప్పట్నుంచి తెల్సు?"

"సలికాలం నుంచి."

చేతిలో చేప కింద పెట్టింది. అరుస్తుందనుకున్నాను. వాళ్ళ వాడ ఆడవాళ్ళు అరిస్తే అవతలి ఒడ్డుకి వినపడుతుంది. ఆమె అరవలేదు. చెయ్యి కడుక్కుని, పమిట చెంగుతో తుడుచుకుని, "వాడంతా తిరిగి సెప్పుకున్నాను గదరా" అంది. మా కాపురంలో నన్ను రా అన్నది అదే మొదలు. తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. వంట మాత్రం మానలేదు. నా అన్నం మెత్తగా చిదపడం కూడా మానలేదు.

మూడో రోజున నేనే వెళ్ళి చుట్టల కట్ట కొనుక్కొచ్చి ఆమె ముందు పెట్టాను. "తాగు. నీ తప్పేటీ నేదు గదా" అన్నాను.

కట్ట చేతిలోకి తీసుకుంది. వాసన చూసింది. తిరిగి నా చేతిలో పెట్టేసింది.

"మాటిచ్చింది నీకు కాదు. నువ్వు అబద్దమాడినావని కొండ మీది అప్పన్నకిచ్చిన మాట అబద్దమైపోద్దేటి?"

ఆసుపత్రికి తీసుకెళ్ళాను. కౌన్సెలింగు ఆయన తలెత్తి, "ఈవిడెవరండీ?" అన్నాడు.

"మా ఆవిడండి."

ఆయన నా వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. నా చెవులు కాలిపోతున్నాయి. ఏమంటాడో అనుకున్నాను. "కూర్చోండమ్మా, మంచినీళ్ళు కావాలా?" అన్నాడు, అంతే. అంతకంటే తిడితే బాగుండేది.

ఆమెకీ ఉంది.

డాక్టరమ్మ ఆమె నోరు కూడా చూసింది. అంగిట్లో తెల్లటి అట్ట, ఎర్ర చుక్కలు. "ఇవి చుట్టవి. మానేశారు కాబట్టి తగ్గుతున్నాయి, మంచి పని చేశారు. కింద ఈ గీత చుట్టది కాదు. తొందరగా వచ్చారు, పళ్ళన్నీ కాపాడదాం" అంది. తొందరగా అన్న మాట విని సత్యవతి నా ముఖంలోకి చూడలేదు. చూడకపోవడం నాకు తెలిసింది.

ఇది చదివేవాళ్ళకి ఇక్కడొక మాట. చిగుళ్ళ మీద గీత వచ్చిన ప్రతివాడికీ ఈ జబ్బు ఉందని కాదు, నూటికి ఎక్కువమందికి పాచి వల్లే వస్తుంది. శుభ్రం చేయించినా తగ్గకపోతే, పళ్ళ సందున చిగురు నల్లబడిపోతుంటే, వేడి అనో పొగ అనో ఇంట్లోవాళ్ళ మీదికి నెట్టకుండా డాక్టరు అడిగినవాటికి నిజం చెప్పండి. పరీక్ష అంటే వెళ్ళండి. ఇంట్లోవాళ్ళని కూడా అదే రోజు తీసుకెళ్ళండి.

రెండువేలు దాటాక

మధ్యలో చెడ్డ సంవత్సరాలు గడిచాయి. ఆమెకి దగ్గు పట్టుకుని మంచాన పడింది, నాకు బరువు పోయింది. క్రేను ఎక్కలేక కింద పని అడిగి చేసుకున్నాను. ఎప్పుడో ఆమెకి గర్భసంచి ఆపరేషనైంది, మాకు పిల్లలు లేరు. ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు గంజి కాచేవాళ్ళం, ఇద్దరికీ వస్తే సూరిబాబు ఏమీ అడక్కుండా ఇడ్లీలు గుమ్మంలో పెట్టి వెళ్ళేవాడు. ఊళ్ళో పెద్దాసుపత్రిలో మందులు ఉచితంగా ఇవ్వడం మొదలయ్యాక తేరుకున్నాం. ఆ వరండాలో బల్లల మీద గంటలకి గంటలు కూర్చునేవాళ్ళం. ఎవరి ముఖం ఎవరూ చూసుకునేవారు కాదు. సత్యవతే ముందు చూసింది. పక్కనున్న పిల్లకి జడ వేసింది, ఇంకొకావిడకి అన్నం పెట్టింది. నేనక్కడ కథ ఒక్కటి కూడా చెప్పలేదు.

కిటికీ దగ్గర ఆమె మందులు తీసుకుంటుంటే వాళ్ళ వాడ మనిషెవరో చూశారు. ఆ సాయంత్రమే అప్పన్న బావ వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. చెల్లెలితో మాట్లాడుతున్నాడు కానీ చూపు నా మీదే ఉంది.

"సెల్లీ, నిజం సెప్పు. ఎవలి వల్ల?"

నేను నోరు తెరిచేలోగా ఆమె అందుకుంది.

"ఎవలి వల్లా కాదన్నియ్యా. గర్బసంచి ఆపరేసనప్పుడు రగతం ఎక్కించినారు గదా. అందులో వచ్చినాదంట."

"మరి బావకి?"

"ఆయనకి నేదు. పరీచ్చ సేసినారు. నాకు తోడొత్తన్నాడంతే."

తడబడలేదు. కన్ను కూడా ఆర్పలేదు. ఇన్నేళ్ళు కోతలు కోసినవాణ్ణి నేను, అంత నున్నగా నాకెప్పుడూ కుదరలేదు.

"అబద్దం బావా" అన్నాను. లేచి నిలబడ్డాను కూడా. "నాకుంది. నా నుంచే దానికొచ్చినాది. నా పళ్ళు పోనాది అందుకే."

అప్పన్న బావ నన్ను చూశాడు. కొడతాడనుకున్నాను, కొట్టాలనే కోరుకున్నాను. ఆ మనిషి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లోపలికొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఊరుకో బావా. దాని మీద మాట రాకూడదని నీ మీదేసుకుంటన్నావు. నీ కతలు నాకు తెల్దేటి?"

"సింహాచలం అప్పన్న మీద ఒట్టు బావా."

"కొండ లంగరుకి తగులుకున్నాదని కూడా ఒట్టేసినావు" అని ఏడుస్తూనే నవ్వాడు. "ఇంకోడైతే దీన్ని ఎప్పుడో వదిలీసును. నీలాంటోడు ఉండడు బావా."

ఆయన వెళ్ళాక సత్యవతి మీద మొదటిసారి కోపమొచ్చింది. ఎందుకలా చెప్పావని అడిగాను.

"మా అన్న సేతిలో కత్తుంటాది. నిన్ను పొడిసి జైల్లో కూకుంటే వాడి పెళ్ళాం పిల్లల్ని ఎవులు సూత్తారు? నాకు తోడు ఆసుపత్రికెవులొత్తారు?" అంది. "నువ్వు ఊరందరికీ కోసినావు గదా ఇన్నాళ్ళు. నాను ఒక్కటి కోసినాను. దాన్ని నిలబెట్టు."

సిగ్గు లేకుండా ఇంకోటి కూడా రాస్తాను. ఆ తర్వాత కొన్నాళ్ళు నాకు కాస్త ఊపిరి ఆడింది. ఏమో, ఆపరేషన్ రక్తంలోనే వచ్చిందేమో, ఎవరు చెప్పగలరు అని నాకు నేనే చెప్పుకున్నాను. డాక్టర్లు కూడా ఫలానా దారిన వచ్చిందని తేల్చి చెప్పలేరు. నేను చెప్పగలను. ఆ గీత మొదట ఎవరి నోట్లో వచ్చిందో నాకు తెలుసు. ఇది అచ్చయి వచ్చినా అప్పన్న బావ చదవడు, ఎవరైనా చదివి వినిపించినా నమ్మడు.

మొన్న వానల తర్వాత బావ కొత్త పడవ నీళ్ళలోకి దింపాడు. భోజనాలకి ఇద్దర్నీ పిలిచాడు. ఆయన భార్య నూకాలు మంచి మనిషి, నన్ను సొంత అన్నలాగే చూస్తుంది. సత్యవతికి గుమ్మం బయట అరుగు మీద విస్తరి వేసింది, పక్కన వేరే గ్లాసు పెట్టింది. కంచం వల్ల, గ్లాసు వల్ల ఈ జబ్బు అంటదని డాక్టర్లు చెప్పింది చెప్పాను. "ఎరికే అన్నియ్యా, పిల్లలున్న ఇల్లు గదా" అంది ఇబ్బందిగా. సత్యవతి అరుగు మీద కూర్చుంది. నేనూ వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను.

"లెగు" అంది సత్యవతి, పెదాలు కదపకుండా. "లోపలికెల్లు. నువ్వు కూడా ఇక్కడ కూకుంటే వోళ్ళకి అనుమానమొత్తాది."

"రానీ."

"వత్తే మా అన్నకి కొత్త పడవుండదు, నాకు పుట్టిల్లుండదు. లెగు మావా."

బావ లోపల్నుంచి కేక వేశాడు, తన పక్కన పీట వేయించానని, రమ్మని. లేచాను. లోపలికెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. కిటికీలోంచి సత్యవతి వీపు కనపడుతోంది. ఈగల్ని తోలుకుంటూ తింటోంది.

నూకాలు వంజరం పులుసు వడ్డిస్తూ ముక్కలు గరిటెతో కెలికి కెలికి ఒకటి పైకి తీసింది. "పళ్ళు నేనోడివి, ముల్లు నేంది నీ కోసం ఏరి ఉంచినాను అన్నియ్యా" అంది.

తిన్నాను. మళ్ళీ వేస్తానంటే వద్దనలేదు.